పంచాయతీ పట్టణమైన వేళ: చీరాల-పేరాల నుండి దర్శి వరకు నివాసుల పాలనాధికారం

వ్యాససంగ్రహం

గ్రామ పంచాయతీ పట్టణ సంస్థగా మారినప్పుడు అక్కడి నివాసి స్థితిలో వచ్చే మార్పును ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. 1919-22 నాటి చీరాల-పేరాల ఉద్యమం, 1967లో హైదరాబాదులో మొదలైన పట్టణ సమాజాభివృద్ధి పథకం, 74వ రాజ్యాంగ సవరణ తరువాతి పొరుగు సంఘాలు, ఇటీవల నగర పంచాయతీగా మారిన దర్శి ఇందులో చర్చకు వస్తాయి. పేట బాగుకోసం నివాసులు పనిచేయడాన్ని ప్రభుత్వాలు తరచుగా ఆహ్వానించాయి. పన్నును, పద్దును గురించి నిర్ణయించే స్థానాన్ని మాత్రం వారికి అరుదుగా ఇచ్చాయి. ఈ రెండింటి నడుమ ఉన్న వ్యత్యాసమే ఈ వ్యాసానికి ప్రధానాంశం.

కీలకపదాలు: నగర పంచాయతీ, గ్రామసభ, వార్డు కమిటీ, చీరాల-పేరాల, రామనగరం, బస్తీ సంఘాలు, ఇంటిపన్ను, దర్శి.

1. ఉపోద్ఘాతం

ప్రకాశం జిల్లాలోని దర్శి అద్దంకి, పొదిలి, కురిచేడు దారులు కలిసే ఊరు. పూర్వం వెంకటగిరి సంస్థానంలోని ఒక విభాగానికి, ఆ తరువాత నెల్లూరు జిల్లాలోని తాలూకాకు ఇది కేంద్రం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు పొదిలి, కనిగిరి, కందుకూరు ప్రాంతాలతోపాటు దర్శి కూడా కొత్త జిల్లాలోకి వచ్చింది. రెండేళ్ళకు ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. నాగార్జునసాగర్ కుడికాలువ నుండి వచ్చే దర్శి బ్రాంచి కాలువ ఈ ప్రాంతపు సాగును మార్చింది. మిరప, పత్తి, కంది, కాలువ కింద వరి పండించే రైతుకు ఎరువుల దుకాణం, బ్యాంకు, తహసీల్దారు కార్యాలయం, ఆసుపత్రి అన్నీ దర్శిలోనే. ఊరు పెరిగింది. కాని పెరిగిన ఊరిలో సగం బతుకు ఇప్పటికీ పొలంతోనే ముడిపడి ఉంది.

ఇటువంటి ఊరికి రాజ్యాంగం ఒక ప్రత్యేకమైన మాట వాడింది. 243-క్యూ అధికరణం ప్రకారం గ్రామీణ స్థితి నుండి పట్టణ స్థితికి మారుతున్న ప్రాంతానికి నగర పంచాయతీ ఏర్పడుతుంది. దర్శి కూడా గ్రామ పంచాయతీ హోదా నుండి నగర పంచాయతీ అయింది. 20 వార్డులకు 2021 నవంబరు 15న ఎన్నిక జరిగింది. దీనిని పరిపాలనాపరమైన ఎదుగుదలగా చెప్పుకోవడం పరిపాటి. గ్రేడు పెరిగింది, కమిషనరు వచ్చాడు, పట్టణ పథకాల నిధులకు అర్హత దొరికింది. ఇవన్నీ నిజమే. అయితే ఈ మార్పులో ఒక నష్టం కూడా ఉంది. ఊరి ఓటర్లందరూ సభ్యులుగా ఉండే గ్రామసభ రద్దయిపోయింది. దాని స్థానంలో మరో సభ రాలేదు.

ఈ నష్టం కొత్తది కాదు. దర్శికి తూర్పున, సముద్రతీరాన ఉన్న చీరాలలో నూరేళ్ళ క్రితం దాదాపు ఇదే సందర్భంలో జనం ఊరు విడిచిపోయారు.

2. యూనియన్ అనే మధ్యమ స్థితి

చీరాల కథకు ముందు ఆనాటి చట్టాల సంగతి కొంత తెలియాలి. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనపై తీర్మానం వెలువరించిన తరువాత మద్రాసు రాష్ట్రంలో 1884లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి జిల్లా మున్సిపాలిటీల చట్టం, రెండవది లోకల్ బోర్డుల చట్టం. ఈ రెండవ చట్టం కింద పల్లెకు పెద్దదీ పట్టణానికి చిన్నదీ అయిన ఊరికి, లేదా దగ్గరదగ్గరగా ఉన్న కొన్ని ఊళ్ళకు కలిపి, యూనియన్ ఏర్పరచేవారు. యూనియన్ పంచాయతీ ఇంటిపన్ను వసూలు చేసి దారులు, దీపాలు, బావులు, పారిశుధ్యం చూసుకొనేది. దాని ఆదాయం స్వల్పం, బాధ్యతలూ స్వల్పమే. నేటి నగర పంచాయతీకి ఆనాటి యూనియన్‌ను పూర్వరూపంగా చూడవచ్చు. రెండూ పల్లెకూ పట్టణానికీ మధ్యనున్న సంస్థలే.

అయితే రెండింటికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. యూనియన్‌లో పన్ను తక్కువ గనుక జనం దానిని భరించారు. పైకి పోయే మెట్టు మీదనే తగాదా వచ్చింది.

3. చీరాల-పేరాల: పన్ను వెనుక ఉన్న ప్రశ్న

చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి చీరాల యూనియన్‌గా ఉండేవి. అప్పట్లో అది గుంటూరు జిల్లా. నేత, అద్దకం, చిన్న వ్యాపారం, సేద్యం అక్కడి వృత్తులు. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను కలిపి మున్సిపాలిటీ చేయ నిర్ణయించింది. రెండు ఊళ్ళ జనాభా సుమారు 15,000. యూనియన్‌గా ఉన్నప్పుడు ఏటా నాలుగు వేల రూపాయల ప్రాంతంలో ఉన్న పన్ను, మున్సిపాలిటీ అయితే దాదాపు పదింతలవుతుందని చరిత్రకారులు పేర్కొన్నారు. మగ్గం మీద బతికే కుటుంబానికి ఆ పెంపు ఎంత బరువో వివరించనక్కరలేదు.

ప్రభుత్వ పక్షాన వాదన లేకపోలేదు. జనసాంద్రత గల తీరపు ఊళ్ళకు మంచినీరు, మురుగు, వైద్యం కావాలి. వాటికి డబ్బు కావాలి. యూనియన్ ఆదాయంతో అవి జరగవు. ఈ వాదనను కొట్టివేయడం న్యాయం కాదు. ఉద్యమాన్ని కీర్తించే రచనలు చాలావరకు ఈ భాగాన్ని దాటవేస్తాయి. చీరాల వాసులు శుభ్రతకు వ్యతిరేకులు కారు, ప్రభుత్వం చెప్పిన అవసరం అబద్ధమూ కాదు. ఆ అవసరం ఎంత, దానికి తాము మోయగల బరువు ఎంత, ముందు ఏ పని జరగాలి, తరువాత ఏది జరగాలి అన్న లెక్కను తమతో కూర్చుని వేయలేదన్నదే అక్కడి వివాదం. యూనియన్‌ను తిరిగి ఇవ్వమని వారు అర్జీలు పెట్టుకున్నారు. అర్జీలు ఫలించలేదు. ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు. అప్పుడు ప్రభుత్వం జీతమిచ్చి అధ్యక్షుని నియమించి మున్సిపాలిటీని నడిపించింది. స్వపరిపాలనా సంస్థ అనే పేరు గలది, ఎన్నికైన సభ్యులు ఒక్కరూ లేకుండా, ఉద్యోగి చేతిమీదుగా పన్ను వసూలు చేసింది. ఆ సన్నివేశంలోని వైరుధ్యాన్ని జనం ఎవరూ చెప్పకుండానే గ్రహించారు.

ఉద్యమానికి నాయకత్వం వహించినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పెనుగంచిప్రోలులో జన్మించి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి, బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో కొంతకాలం పనిచేసి, చీరాలను తన కార్యక్షేత్రంగా చేసుకున్నాడు. ఆయన కూర్చిన రామదండు స్వచ్ఛంద సేవకుల దళం. సభలలో క్రమం పాటించేట్లు చూడడం, పాటలతో జనాన్ని కూడగట్టడం, ఊరిలో కట్టుబాటు నిలపడం దాని పనులు. జానపద కళలపై దుగ్గిరాలకున్న అభిమానం ఈ దళానికి ఒక ప్రత్యేకమైన రూపాన్ని ఇచ్చింది. నిరక్షరాస్యుడైన నేతగాడికి పన్నుల చట్టం అర్థమైంది కరపత్రం వల్ల కాదు, పాట వల్ల, వీధి సభ వల్ల.

పన్ను నిరాకరించినవారికి జరిమానాలు, జప్తులు, జైలుశిక్షలు తప్పలేదు. జైలుకు వెళ్ళినవారిలో రావూరి అలమేలమ్మ ఉన్నది. రాజకీయ కారణంగా చెరసాలకు వెళ్ళిన తొలి తెలుగు స్త్రీలలో ఆమెను చరిత్రకారులు లెక్కిస్తారు. ఇంటిపన్ను నోటీసు ఇంటి గడప దగ్గరికి వస్తుంది. ఆ గడప లోపల స్త్రీ ఉంటుంది. ఊరి పాలనకు సంబంధించిన పోరాటంలో స్త్రీ ముందువరుసలో కనిపించడానికి ఇదొక కారణం కావచ్చు.

1921 మార్చి చివర, ఏప్రిల్ మొదట బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశమైంది. ఆ వెంటనే గాంధీజీ చీరాల వచ్చాడు. ఆయన రెండు మార్గాలు సూచించాడు. ఒకటి, శిక్షలను ఓర్చుకుంటూ అహింసాయుతంగా పన్ను నిరాకరణ కొనసాగించడం. రెండవది, ఊరే వదిలి మున్సిపాలిటీ హద్దుల అవతలికి పోవడం. ఏది ఎంచుకున్నా కాంగ్రెస్ సహాయం ఆశించవద్దని, తమ బలంమీదే నిలవాలని కూడా చెప్పాడు. జనం రెండవదాన్ని ఎంచుకున్నారు. 1921 ఏప్రిల్ 25న, నడివేసవిలో, వలస మొదలైంది. 15,000 మందిలో సుమారు 13,000 మంది ఇళ్ళు వదిలి ఊరి వెలుపల పందిళ్ళు, గుడిసెలు వేసుకున్నారు. ఆ తాత్కాలిక నివాసానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు.

4. రామనగరం: హద్దు అవతల కట్టిన ఊరు

రామనగరం గురించి రాసినవారు ఎక్కువగా త్యాగాన్ని గురించే రాశారు. పాలనా చరిత్ర దృష్టితో చూస్తే అక్కడ గమనించవలసింది మరొకటి ఉన్నది. పదమూడు వేల మంది బయలులో కాపురముంటే వెంటనే కావలసినవి ఏవి? నీళ్ళు, మరుగు, దారి, గుడిసెకు గుడిసెకు మధ్య నిప్పంటుకోని ఎడం, రాత్రి కాపలా, తగవు తీర్చే పెద్దలు. మున్సిపాలిటీ ఏ పనుల పేరుతో పన్ను అడిగిందో దాదాపు అవే పనులను, మున్సిపాలిటీని కాదన్నవారు తమంతట తాము చేసుకోవలసి వచ్చింది. పదకొండు నెలలపాటు ఆ పని జరిగింది. ఎండ, వాన, జబ్బు, ఉపాధి నష్టం అన్నిటినీ భరిస్తూ జరిగింది. నేతగాడికి గుడిసెలో మగ్గం పెట్టుకోవడం సులభం కాదన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఊరు వదలడమంటే అతనికి ఇల్లు వదలడం మాత్రమే కాదు, పనిముట్టు వదలడం కూడా.

దుగ్గిరాలను బరంపురంలో నిర్బంధించి ఏడాది శిక్ష విధించి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. ఆ తరువాత రామనగరం నిలవలేకపోయింది. జనం క్రమంగా పాత ఇళ్ళకు తిరిగివచ్చారు. దుగ్గిరాల 1928లో, నలభై ఏళ్ళయినా నిండకుండానే మరణించాడు.

నాయకుడు లేకపోగానే కూలిన కట్టడాన్ని నివాసుల స్వపరిపాలన అనవచ్చునా అన్న సందేహం సహజం. రామదండు క్రమశిక్షణ దుగ్గిరాల వ్యక్తిత్వం మీద ఎక్కువగా ఆధారపడింది. ఊరి కట్టుబాటు అనేది కులపెద్దల మాట ద్వారానే నడిచే కాలమది. కట్టుబాటు తప్పినవాడికి ఎటువంటి ఒత్తిడి ఎదురై ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అయినా ఒక విషయంలో రామనగరం తరువాతి ప్రయోగాలన్నిటికంటె భిన్నమైనది. దానికి కార్యక్రమాన్ని పైనుండి ఎవరూ రాసి ఇవ్వలేదు. ఎంత ఖర్చు, ఎవరి వాటా ఎంత, దేనికి ముందు అన్నది అక్కడి వారే తేల్చుకున్నారు. తరువాతి కాలంలో నివాసుల భాగస్వామ్యం అన్న పేరుతో వచ్చిన పథకాలను ఈ గీటురాయి మీద రుద్ది చూడవలసి ఉంటుంది.

5. హైదరాబాదు బస్తీలు

స్వాతంత్ర్యం తరువాత పట్టణ నివాసిని సంఘటితం చేసే ఆలోచన ప్రభుత్వం వైపు నుండే వచ్చింది. 1952లో గ్రామాలలో మొదలైన సమాజాభివృద్ధి కార్యక్రమానికి పట్టణ రూపం కల్పించే ప్రయత్నం 1958లో ఢిల్లీలో ఫోర్డ్ ఫౌండేషన్ సహాయంతో జరిగింది. ఆ తరువాత కేంద్ర ప్రభుత్వ పథకం కింద 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ పట్టణ సమాజాభివృద్ధి విభాగాన్ని ప్రారంభించింది. అనేక నగరాలలో ఇటువంటి ప్రయత్నాలు కొద్దికాలానికే అణగారిపోయాయి. హైదరాబాదులో మాత్రం వేళ్ళూనుకున్నది. దేశంలో పట్టణ సమాజాభివృద్ధి గురించి రాసిన ప్రతివారూ హైదరాబాదును ప్రస్తావించక తప్పని స్థితి వచ్చింది.

ఆ విజయానికి కారణం డబ్బు కాదు. మొదటి దశలో డబ్బు చాలా తక్కువ. కమ్యూనిటీ ఆర్గనైజరు బస్తీకి వెళ్ళి, అరుగుల మీద కూర్చుని, ముందుగా ఏం కావాలో అడిగేవారు. బస్తీ సంఘం ఏర్పడిన తరువాత బాల్వాడీ, కుట్టు శిక్షణ కేంద్రం, కమ్యూనిటీ హాలు వంటివి పుట్టేవి. ఖర్చులో కొంత బస్తీ వారు భరించాలి. స్థలమో, కూలీయో, చందాయో ఏదో ఒక రూపంలో. 1970ల మధ్య నుండి యూనిసెఫ్ తోడ్పాటు, 1980ల నుండి బ్రిటిష్ ప్రభుత్వ సహాయం అందడంతో పథకం విస్తరించింది. తరువాత విశాఖపట్నం, విజయవాడ మురికివాడల అభివృద్ధి పథకాలు ఇదే దారిలో నడిచాయి.

ఇండ్ల నిర్మాణంలో హైదరాబాదు అనుభవం మరింత విశిష్టమైనది. గుడిసె ఉన్న జాగాకు పట్టా ఇచ్చి, ఆ పట్టా ఆధారంగా బ్యాంకు రుణం ఇప్పించి, కుటుంబమే దగ్గరుండి ఇల్లు కట్టుకొనే పద్ధతి అక్కడ నిలదొక్కుకుంది. పట్టా అనేది ఇక్కడ కీలకం. మురుగు కాలువ వేసినందువల్ల బస్తీ స్థిరపడలేదు, పట్టా వచ్చినందువల్ల స్థిరపడింది. ఎప్పుడు ఖాళీ చేయిస్తారో తెలియని చోట ఎవరూ గోడకు సున్నం కూడా వేయరు. నివాసి చేతిలో హక్కు పడిన చోట అభివృద్ధి దానంతటదే ముందుకు సాగింది.

విదేశీ సహాయం పెరిగేకొద్దీ మాత్రం ఒక మార్పు వచ్చింది. రోడ్లు, కాలువలు, వీధిదీపాల పనులు పెద్దవయ్యాయి. అంచనాలు ఇంజనీర్లవి, టెండర్లు కాంట్రాక్టర్లవి. బస్తీ సంఘం పని స్థలం చూపించడానికీ, అభ్యంతరాలు రాకుండా సర్దిచెప్పడానికీ పరిమితమైంది. పని పెద్దదైన కొద్దీ నివాసి చిన్నవాడయ్యాడు. కరాచీలోని ఒరంగీ ప్రయోగం ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన దిశలో నడిచింది. 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ ప్రారంభించిన ఆ పనిలో ఇరవై నుండి నలభై ఇళ్ళున్న సందు ఒక ఘటకం. ఇంటి మరుగుదొడ్డి, సందులోని మురుగు గొట్టం సందువారే తమ డబ్బుతో వేసుకున్నారు, లెక్క తామే చూసుకున్నారు. ప్రధాన కాలువ మాత్రమే ప్రభుత్వ బాధ్యత. పనిని ఎక్కడ విడదీయాలో తెలుసుకోవడమే ఒరంగీ వారి నేర్పు. హైదరాబాదులో ఆ విభజన రేఖను ఎన్నడూ స్పష్టంగా గీయలేదు.

6. పథకాల దశాబ్దం

1993 జూన్ 1న 74వ రాజ్యాంగ సవరణ అమలులోకి వచ్చింది. 1997లో రెండు కార్యక్రమాలు పట్టణ నివాసిని చేరుకున్నాయి. ఆ జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జన్మభూమిని ప్రారంభించింది. శ్రమ, ధన, వస్తు రూపాలలో జనం వాటా ఇస్తే ప్రభుత్వం మిగిలిన ఖర్చు భరించి వీధి పనులు చేయిస్తుంది. డిసెంబరులో కేంద్ర ప్రభుత్వ స్వర్ణజయంతి షహరీ రోజ్‌గార్ యోజన వచ్చింది. పేద స్త్రీలతో పొరుగు బృందాలు, వాటిపై పొరుగు కమిటీలు, పట్టణ స్థాయిలో సమాజాభివృద్ధి సొసైటీ అనే మూడంచెల నిర్మాణాన్ని అది నిర్దేశించింది. ఈ నిర్మాణానికి కేరళలోని ఆలప్పుళ అనుభవం స్ఫూర్తి. 2000 ప్రాంతంలో బ్రిటన్ సహాయంతో లక్షకు పైబడిన పట్టణాలలో పేదలకు పట్టణ సేవల పథకం నడిచింది. 2007లో మెప్మా ఏర్పడి స్వయం సహాయక సంఘాలను మురికివాడ సమాఖ్యలుగా, పట్టణ సమాఖ్యలుగా కూర్చింది.

వీటిలో ప్రతిదానికీ కొంత మేలు ఉంది. పొదుపు సంఘాల ద్వారా బ్యాంకు గడప తొక్కిన స్త్రీల సంఖ్య చిన్నది కాదు. జన్మభూమిలో వేసిన సిమెంటు రోడ్లు నేటికీ చాలా ఊళ్ళలో ఉన్నాయి. కాని జన్మభూమి సభకు నోడల్ అధికారి కేంద్రబిందువు. ఎన్నికైన పంచాయతీనీ, కౌన్సిల్‌నూ పక్కన పెట్టి నేరుగా జనంతో మాట్లాడడం ఆ పద్ధతి. జనం అడిగారు, అధికారి మంజూరు చేశాడు. అడగడం వేరు, నిర్ణయించడం వేరు. అదే విధంగా సమాఖ్యలు పథకానికి అంగాలుగా పుట్టాయి. పథకం పేరు మారినప్పుడల్లా వాటి పేర్లూ మారాయి. పురపాలక బడ్జెట్టుపై ఒక్క మాట చెప్పే అధికారం వాటికి ఎన్నడూ రాలేదు.

ఇదే కాలంలో, 1989 నుండి, బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రి నగరంలో వాడలవారీ సభలు నగరపు పెట్టుబడి పద్దును ఏటా చర్చించి ప్రాధాన్యాలు నిర్ణయించే ఆచారం ప్రారంభమైంది. అక్కడ నివాసి తెచ్చేది వాటా ధనం కాదు, ఓటు. తెలుగు పట్టణాలలో చందా ఇచ్చినవాడికి మాట్లాడే అర్హత వచ్చింది. అక్కడ నివసించడమే ఆ అర్హత.

7. మూడు లక్షల గీత

74వ సవరణలోని 243-ఎస్ అధికరణం మూడు లక్షలు లేదా అంతకు మించిన జనాభా గల పురపాలక ప్రాంతాలలో మాత్రమే వార్డు కమిటీలను తప్పనిసరి చేసింది. ఈ సంఖ్య ఎందుకు మూడు లక్షలైందో ఎవరికైనా ఆశ్చర్యం కలుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని పట్టణాలలో అత్యధికం ఈ గీతకు దిగువనే ఉన్నాయి. దర్శి వంటి ఊళ్ళు చాలా దిగువన ఉన్నాయి.

ఇప్పుడు దీనిని పంచాయతీ వైపు నుండి చూడాలి. 73వ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో స్థానం కల్పించింది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 6వ సెక్షను గ్రామసభ ముందు ఉంచవలసిన విషయాలను పేర్కొన్నది. వార్షిక లెక్కలు, ఆడిట్ నివేదిక, గత సంవత్సరపు పరిపాలన నివేదిక, రాబోయే ఏటి పనులు, లబ్ధిదారుల ఎంపిక, వీటితోపాటు కొత్త పన్నుల ప్రతిపాదనలు, ఉన్న పన్నుల పెంపు. చివరి అంశాన్ని చీరాల వాసులు చదివి ఉంటే ఏమనుకొనేవారో! 1919లో వారు అడిగినది, 1994లో చట్టం ఇచ్చినది, సారాంశంలో ఒకటే.

గ్రామసభ ఆచరణలో ఎలా నడుస్తుందో తెలియనివారు ఉండరు. చాలా చోట్ల అది కాగితం మీది సభ. సంతకాల పుస్తకం ఇల్లిల్లూ తిరుగుతుంది, మినిట్స్ కార్యదర్శి బల్ల మీద తయారవుతాయి. పెద్ద రైతు మాట్లాడుతుంటే కౌలుదారు వింటాడు. ఇన్ని లోపాలున్నా అది చట్టంలో ఉన్న సభ. జరపకపోతే ఎందుకు జరపలేదని అడగవచ్చు. లెక్క చూపకపోతే చూపమనవచ్చు. నగర పంచాయతీ అయిన మరునాటి నుండి ఆ ప్రశ్నకు చట్టపరమైన ఆధారం ఉండదు. నివాసికి మిగిలేది అయిదేళ్ళకోసారి వేసే ఓటు, విడిగా ఇచ్చుకొనే అర్జీ.

కేరళ ఈ సమస్యను గుర్తించింది. 1994 నాటి కేరళ మునిసిపాలిటీ చట్టం లక్షకు మించని పట్టణాలలో ప్రతి వార్డుకూ వార్డు సభను ఏర్పరచింది. వార్డు ఓటర్లందరూ అందులో సభ్యులు. లక్ష దాటిన పట్టణాలలో వార్డు కమిటీ ఉంటుంది. అంటే ఊరు ఎంత చిన్నదైతే సభ అంత విశాలం. ఊరు పెద్దదైనప్పుడు మాత్రమే ప్రతినిధులతో సరిపెట్టుకోవాలి. రాజ్యాంగంలోని మూడు లక్షల గీత అడుగున చిన్న పట్టణాలకు ఏమి చేయవచ్చునో ఒక రాష్ట్రం చేసి చూపించింది.

తెలుగు రాష్ట్రాలు వేరే మార్గం పట్టాయి. జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ పట్టణ నవీకరణ పథకం నిధులకు షరతుగా కేంద్రం ప్రజా భాగస్వామ్య చట్టాన్ని కోరింది. పోలింగు కేంద్రాన్ని ప్రాతిపదికగా తీసుకొని అక్కడి ఓటర్లందరితో ఏరియా సభ ఏర్పరచాలని నమూనా చట్టం సూచించింది. గ్రేటర్ హైదరాబాదులో ఆ సభకు ప్రతినిధి నామినేషను ద్వారా వచ్చాడు. సభ ఉంది, కాని దాని ప్రతినిధిని సభ ఎన్నుకోలేదు. తెలంగాణ 2019 పురపాలక చట్టం ప్రతి వార్డుకూ యువజనులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులతో నాలుగు కమిటీలను, ఒక్కొక్కదానిలో 15 మంది సభ్యులతో ఏర్పరచింది. ఇవీ నామినేషను కమిటీలే. మొక్కలు నాటడం, పారిశుధ్యం, పన్ను చెల్లింపును ప్రోత్సహించడం వంటివి వీటి పనులు. పన్ను ఎంత ఉండాలో చర్చించడం ఈ జాబితాలో లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు వచ్చాయి. కార్యాలయం నివాసికి దగ్గరైంది. ధ్రువపత్రం, పింఛను, ఫిర్యాదు పేటలోనే నమోదవుతాయి. గతంలో ఇందుకు ఊరికి ఆ చివరనున్న కార్యాలయం చుట్టూ తిరగవలసి వచ్చేది. సేవ దగ్గర కావడం గొప్ప సౌకర్యం. అయినప్పటికీ సచివాలయం ప్రభుత్వానికి పేటలో ఉన్న కిటికీ. పేటకు ప్రభుత్వంలో కిటికీ వేరుగా కావాలి.

8. దర్శి: 2021

ఈ చర్చకు దర్శి ఎందుకు తగిన స్థలమో ఇప్పుడు స్పష్టమవుతుంది. 2021 ఏప్రిల్ 1 నుండి ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో ఆస్తిపన్ను పద్ధతి మారింది. అంతకుముందు వార్షిక అద్దె విలువ ఆధారంగా వేసే పన్నును ఆస్తి మూలధన విలువకు ముడిపెట్టారు. ఏడాదికి పెరుగుదల 15 శాతం మించకుండా పరిమితి విధించారు. ముసాయిదాలపై అభ్యంతరాలు తెలిపే అవకాశం ఉన్నది. అయితే అభ్యంతరం వ్యక్తి రాసే కాగితం. సభ అనేది పదిమంది ఎదుట పక్కింటివాడి లెక్కతో తన లెక్క పోల్చుకొనే చోటు. ఒకదానికి మరొకటి ప్రత్యామ్నాయం కాదు. చీరాల వాసులు ఊరు వదిలిన నెలకు సరిగ్గా నూరేళ్ళ తరువాత ఈ కొత్త పద్ధతి అమలులోకి రావడం యాదృచ్ఛికం. ఆ ఏడాది నవంబరులోనే దర్శిలో నగర పంచాయతీ ఎన్నిక జరిగింది.

పన్నుకంటె తీవ్రమైన మరొక విషయం ఉన్నది. 2005 నాటి మహాత్మాగాంధీ జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం పేరులోనే గ్రామీణ అన్న మాట ఉంది. పంచాయతీ నగర పంచాయతీగా మారితే అక్కడి కుటుంబాలు ఆ చట్టం పరిధి నుండి తొలగిపోయేవి. మిరప కోతలు ముగిసిన తరువాత, పత్తి తీతలు లేని నెలలలో, ఉపాధి పని ఈ మెట్ట ప్రాంతపు కూలీకి ఎంత ఆధారమో స్థానికులకు తెలుసు. దుకాణం యజమానికి పట్టణ హోదా వల్ల స్థలం విలువ పెరుగుతుంది. కూలీకి పనిదినాలు తగ్గుతాయి. ఒకే మార్పు ఒకే ఊరిలో ఇద్దరిని రెండు విధాలుగా తాకుతుంది. ఊరు పట్టణం కావాలా వద్దా అన్న నిర్ణయంలో ఈ ఇద్దరి మాటా వినిపించవలసి ఉండగా, 243-క్యూ అధికరణం ఆ నిర్ణయాన్ని గవర్నరు ప్రకటనకు వదిలింది. జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాముఖ్యం వంటి ప్రమాణాలను అది పేర్కొన్నది. నివాసుల సమ్మతి ఆ ప్రమాణాలలో లేదు. 1919లోనూ లేదు.

దర్శిలో చేయగల పని ఏమిటన్నది చరిత్ర వ్యాసం తేల్చే విషయం కాదు. కాని పై అనుభవాలు కొన్ని మార్గాలను చూపుతున్నాయి. ఇరవై వార్డులు గల ఊరిలో వార్డు ఓటర్లందరూ ఒక బడి ఆవరణలో కూర్చోగలరు. ఏడాదికి రెండుసార్లు అటువంటి సభ జరిపి, వార్డులో వసూలైన పన్నెంత, వార్డుపై పెట్టిన ఖర్చెంత అన్న రెండంకెలను చదివి వినిపించమని కౌన్సిలే తీర్మానించుకోవచ్చు. కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. వీధి కాలువ పూడిక, చెత్త సేకరణ, వీధిదీపం వంటివి ఒరంగీలో వలె సందు స్థాయిలోనే తేలిపోతాయి. సాగర్ నీటిని నిల్వ చేసి ఊరంతటికీ పంచడం, ప్రధాన మురుగు కాలువ, నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం వల్ల పెరిగే స్థలాల లేఅవుట్లు మాత్రం సందుకు అందే పనులు కావు. వాటిపై సభ అడగవలసింది శ్రమదానం కాదు, పద్దు పుస్తకం.

భూమికి శిస్తు కట్టినవాడు చెరువు ఎందుకు నిండలేదని అడిగేవాడు. ఇంటికి శిస్తు కట్టేవాడు ఆ ప్రశ్న వేయడానికి వార్డులో ఇప్పటికింకా చోటు ఏర్పడలేదు.